పూతక్క పూయని గోడ

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. కొండ కింద బస్సు ఆగే చోటు నుంచి పైన చివరి ఇంటి దాకా ఎవరినడిగినా పూతక్క అంటేనే తెలుస్తుంది. గోడలకు మట్టిపూత పూయడం ఆవిడ పని. ఏదో కూలికి చేసే పని అనుకునేరు! పూతక్క పూసిన గోడ మీద అరచెయ్యి రాస్తే పసిపిల్ల బుగ్గ తగిలినట్టుండేది. ఇంకెవరైనా పూస్తే గోడ పూశారు అనేవాళ్ళు, ఈవిడ పూస్తే ఇల్లు పెళ్ళికూతురైంది అనేవాళ్ళు. ఆ పొగడ్తలకు ఆవిడ మురిసిపోయేది కాదని చెబితే అబద్ధమవుతుంది. మురిసిపోయేది. మురిసిపోయి ఊరుకోకుండా పక్కింటి గోడకు వంక కూడా పెట్టేది.

నోరు కూడా తాపీ అంత పదునే. ఒకసారి ఒకావిడ తన గోడ తనే పూసుకుని, ఎలా ఉందో చూడమని పిలిస్తే, "మీ ఆయన మాటలాగే ఉందమ్మా, ఎక్కడ ముట్టుకున్నా రాలిపోతోంది" అనేసి వచ్చింది. ఆవిడ చాలాకాలం మాట్లాడలేదు. మరుసటేడు మళ్ళీ పూతక్కనే పిలిచింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పనిమంతురాలి నోటిని ఊరు భరిస్తుంది.

తల్లి దగ్గర ఈ పని నేర్చుకునే రోజుల్లో చెల్లెలు మట్టి తొక్కేది, అక్క పూసేది. ఇసుక, గడ్డిముక్కలు కలిపి నీళ్ళు పోసి మడమలతో పూటంతా తొక్కితే గాని మట్టికి జిగురు రాదు. చెల్లెలు తొక్కుతున్నంతసేపూ వాగుతూనే ఉండేది. "నా కాళ్ళు లేకపోతే నీ చేతులకి పేరెక్కడిదే అక్కా?" అని దెప్పేది. ఈవిడ తాపీతో ఇంత మట్టి తీసి దాని ముక్కుకు రాసేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాక కూడా ఆ దెప్పుడు పోలేదు. పిల్లాజెల్లా లేని పూతక్కకు చెల్లెలే బిడ్డ, చెల్లెలే తోడు, పోట్లాడుకోవాలన్నా చెల్లెలే.

ఇక గోడల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. ఆ కొండ మీద ఇళ్ళన్నీ రాతి ఇళ్ళు. గోడంటే బయటికో వరస, లోపలికో వరస, నడుమ చిల్లరాళ్ళూ మట్టీ. ఆ రెండు వరసల్నీ కలిపి పట్టుకోవడానికి, గోడ మందమంతా పొడుగున్న రాయిని అక్కడక్కడ అడ్డంగా వెయ్యాలి. దాన్ని పట్టురాయి అంటారు. పాతకాలపు మేస్త్రీలు తప్పకుండా వేసేవాళ్ళు. తర్వాత తర్వాత అంతంత రాళ్ళు ఎత్తు మీదికి మోసే ఓపిక ఎవరికీ లేకపోయింది. పట్టురాయి లేని గోడ ఏళ్ళు గడిచేకొద్దీ నడుమ ఉబ్బుతుంది. గోడ పొట్టేసింది అంటారు. ఎక్కడైనా గోడ పొట్టేస్తే మేస్త్రిని పిలుస్తారు. చోద్యం కాకపోతే, ఆ కొండ మీద పూతక్కను పిలిచేవాళ్ళు! ఉబ్బిన చోట పల్చగా, చుట్టూ మందంగా మట్టి వేసి, తూకపు గుండు వేలాడదీసినా నిటారుగా కనబడేలా సర్దడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఇంటివాళ్ళకు సంతోషం, ఈవిడకు పేరు. గోడ మాత్రం ఆ పూత వెనక తన పొట్ట తాను పెంచుకుంటూనే ఉండేది.

భూమి కదిలిన పొద్దున పూతక్క ఊట దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. మొగుడు గొర్రెలు తోలుకుని అప్పటికే పైకి వెళ్ళిపోయాడు. ముందు నీళ్ళు ఊగాయి, తర్వాత కాళ్ళ కింద నేల ఊగింది, ఆ తర్వాత కొండంతా దుమ్ము. దుమ్ము తగ్గాక చూస్తే ఊళ్ళో సగం ఇళ్ళు లేవు. ఎవరెవరు పోయారో పిలిచి చూసుకోవడానికే ఆ పగలంతా పట్టింది. పూతక్క ఇల్లు కూడా పోయింది. కానీ ఎలా పోయింది! వీధి వైపు గోడ పొట్ట పగిలి బయటి వరసంతా వెల్లకిలా పడింది. దాని మీది పూత మాత్రం పెచ్చులు పెచ్చులుగా, ఒక్కో పెచ్చు దుప్పటంత వెడల్పున, గీత కూడా పడకుండా ఆకాశం కేసి చూస్తూ ఉంది. జనం తమ ఏడుపుల మధ్యలో కూడా వచ్చి చూసి, "అబ్బ, పూత చెక్కుచెదరలేదే!" అన్నారు. సాయంత్రం దిగివచ్చిన మొగుడూ అదే మాట అన్నాడు. వెటకారానికి కాదు పాపం, ఏదో ఒక మంచిమాట అనాలని అన్నాడు. పూతక్క ఆ పెచ్చు పక్కనే కూలబడి కక్కుకుంది. ఆ గోడ పొట్టను ఏడాదికోసారి తన చేత్తో తనే సర్దింది మరి.

ఆ తర్వాత రేకుల షెడ్లు వచ్చాయి. ఊరి కింద పొలాల్లో వరసగా వేశారు. ఎండకు పెనం, వానకు డప్పు. ఒక షెడ్డులో తుమ్మితే మూడో షెడ్డులో చిరంజీవ అనేవాళ్ళు. అలాంటి చోట ఎన్నాళ్ళుంటారు? ఇల్లు నిలబడ్డవాళ్ళంతా పూతక్క చుట్టూ చేరారు. "బీటలు పూడ్చి పెట్టక్కా, వానల్లోగా ఇంట్లోకి పోతాం." నిలబడ్డ ఇంటికి బీటలుంటే బీటలు పూడ్చాలి. పూడ్చేది పూతక్క. ఆ కొండ మీద తరతరాలుగా అంతే.

"మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె కావాలిట!" అని కసిరికొట్టింది పూతక్క. "గోడ లోపల ఏముందో తెలీకుండా పైన పూత దేనికి? నేను తాపీ ముట్టను, పొండి."

సరిగ్గా అప్పుడే ఇళ్ళను కుట్టేవాళ్ళు వచ్చారు. ఊళ్ళోవాళ్ళు ఆ పనికి పెట్టుకున్న పేరది, ఇల్లు కుట్టడం. గోడలో అక్కడక్కడ రాయి తీసి, ఈ ముఖం నుంచి ఆ ముఖానికి కొక్కెం ఉన్న ఇనుప చువ్వ దూర్చి, కాంక్రీటు పోస్తారు. పట్టురాయి చెయ్యాల్సిన పని చువ్వ చేస్తుంది. ఇంటి చుట్టూ నడుముకు కట్టినట్టు ఇనుప జాలీ పట్టీ బిగిస్తారు. పైన బరువైన పలకరాళ్ళు దించి తేలికపాటి రేకు వేస్తారు. ఈ పనికి పెద్ద ఒక ఇంజనీరమ్మాయి. మోకాళ్ళ దాకా బూట్లు, ఎప్పుడూ మట్టి కొట్టుకుపోయిన చేతులు. ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది, "ముందు పూత గీకెయ్యాలి. గోడ మొహం చూడకుండా నేనేమీ చెప్పలేను."

గీకే పనికి పూతక్క తనంతట తనే వెళ్ళింది. ఎన్నో ఏళ్ళు తను పూసినదంతా ఇప్పుడు తనే గీకడం. ఊరు ఊరుకుంటుందా? "పూతక్క కాస్తా గీకుడక్క అయిందే!" అన్నారు. ఈవిడ కూడా, "ఔను, ముందు మీ నాలుకలు గీకి తర్వాత గోడల దగ్గరికి వెళ్తాను" అంది. నవ్వు మాత్రం రాలేదు.

చెల్లెలి ఇల్లు ఊరికి పై అంచున. అది నిలబడింది. ముందు గదులు చెల్లెలి మామగారు తన చేతుల్తో కట్టినవి, ఆయన ఆ కాలపు మేస్త్రి. ఆయన పోయాక వంటిల్లు మాత్రం చెల్లెలి మొగుడు కూలీలను పెట్టి హడావుడిగా కట్టించాడు. ఆ ఇంట్లో చెల్లెలు, మొగుడు, చిన్న పాప, అత్తగారు. అత్తగారు పెద్దావిడ, ఉబ్బసం మనిషి. పడుకుంటే ఆయాసం, లేస్తే దగ్గు. ముందు గదిలో గోడ పక్క మంచం ఆవిడ లోకం. కొన్నాళ్ళు షెడ్డులో ఉండి, రేకుల వేడికీ చలికీ ఊపిరాడక, మళ్ళీ ఆ ఇంట్లోకే అందరూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ పూతక్కకు చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు గనక.

రెండు రోజులయ్యాక చెల్లెలే వచ్చింది, అలవాటుగా కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"అక్కా, తిట్టకు. అత్తయ్య మంచం పక్క గోడకి బీట పడింది. కొంచెం పూడ్చిపెట్టు. గాలి కొడుతోంది, ఆవిడకి రాత్రంతా దగ్గు."

"ఆ బీట కింద ఆవిణ్ణి పడుకోబెట్టావా! బుద్ధుందా నీకు? కొండ ఇంకా అప్పుడప్పుడూ కదుల్తూనే ఉందిగా!"

"మరేం చెయ్యమంటావ్? షెడ్డులో ఊపిరాడక చస్తోంది. అయినా మేం జాగ్రత్తగానే ఉన్నాంలే. నేనూ పాపా ఆ గోడ దగ్గరికే పోం. వంటింట్లో పడుకుంటున్నాం. నువ్వు పూసిన గోడేగా, వెంట్రుకంత బీట కూడా లేదు."

"ముందు మీ ఇంటిని కుట్టనీ. తర్వాత కావాలంటే వెన్న పూస్తా."

"ఎప్పుడు కుడతారు? దారి మీద కొండచరియ పడి చువ్వలు కిందే ఆగిపోయాయిట. వానలయ్యాక గానీ రావుట. అప్పటిదాకా ముసలావిడ గాల్లో ఉండాలా?" చెల్లెలి గొంతు పెరిగింది. "ఊరందరి గోడలూ పూశావ్, సొంత చెల్లెలికి ఒక్క బీట పూడ్చలేవూ?"

ఆ రాత్రి పూతక్కకు కంటిమీద కునుకు లేదు. పూస్తే బీట కనబడదు. కనబడకపోతే ఆ నలుగురూ ధైర్యంగా దాని కిందే పడుకుంటారు. తన వీధి గోడ వెల్లకిలా పడ్డ తీరు కళ్ళముందు నుంచి పోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెల్లవారగానే తాపీ తీసుకుని చెల్లెలి ఇంటికి బయల్దేరింది.

తాపీతో వస్తున్న అక్కను చూసి చెల్లెలి మొహం విప్పారింది. టీ పెట్టడానికి వంటింట్లోకి పరిగెత్తింది. అది తిరిగి వచ్చేసరికి పూతక్క పెద్దావిడ మంచాన్ని పక్కకు లాగి, గోడ మీది పూతను పెచ్చులు పెచ్చులుగా రాలగొడుతోంది. పూత కింద బీట మనిషంత నిలువుగా, బొటనవేలు దూరేంత వెడల్పుగా బయటపడింది. చెల్లెలి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఇదీ సంగతి," అంది పూతక్క రొప్పుతూ. "ఇప్పుడు పడుకోండి దీని కింద, ఎవరికి ధైర్యం ఉందో చూస్తా."

పెద్దావిడ మంచం మీద నుంచే చెయ్యి చాపి, బయటపడ్డ రాళ్ళను తడిమింది. "ఇది ఆయన కట్టిన గోడ అమ్మాయ్," అంది ఆయాసపడుతూ. "ఇది నన్నేం చెయ్యదు. నువ్వు పూసినా, పూయకపోయినా. నన్ను మళ్ళీ ఆ రేకుల్లోకి పంపకండి."

"అత్తయ్యగారూ, ప్రాణం ఉంటే కదా ఏ ఇల్లయినా!" అని, పూతక్క తనే వెళ్ళి ఇంజనీరమ్మాయిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి బీట చూసింది, పెదవి కొరుక్కుంది. కుట్టేదాకా ఎవరూ లోపల ఉండకూడదని తలుపు మీద ఎర్ర రంగుతో పెద్ద గీత గీసింది. చెల్లెలి మొగుడు మెత్తని మనిషి, ఎర్ర గీత చూసి మారు మాట్లాడలేదు. తల్లిని వీపు మీద ఎక్కించుకుని దిగాడు. పెద్దావిడ పూతక్క వైపు చూడలేదు. గోడ వైపే చూస్తూ వెళ్ళింది.

వానలు మొదలయ్యాయి. అవి వానలు కావు, కొండ మీద పగబట్టినట్టే కురిశాయి. రేకుల సందుల్లోంచి జల్లు, నేలలోంచి చెమ్మ. దుప్పటి పొద్దున ఆరేస్తే సాయంత్రానికి ఇంకా తడిగా ఉండేది. పూతక్క రోజూ వెళ్ళేది. షెడ్డు సందుల్లో గోనెలు కుక్కింది, కుంపటి పెట్టింది, కుంపటి పొగకు పెద్దావిడ దగ్గు ఎక్కువైతే తీసేసింది. చేసిన ప్రతి మంచీ ఎదురే తిరిగింది. చెల్లెలు ముభావంగా ఉండేది గాని, అక్క తెచ్చిన గంజి మాత్రం అత్తగారికి పట్టేది. డాక్టరు రావాల్సిన దారి బురదలో పూడుకుపోయి ఉంది. అలాంటి ఒక తెల్లవారుజామున దగ్గు ఆగింది. అమ్మయ్య, నిద్ర పట్టింది కాబోలు అనుకున్నారు పక్క షెడ్డువాళ్ళు. నిద్ర కాదు.

పూతక్క పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి చెల్లెలు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. పక్కకు జరిగి దారి కూడా ఇవ్వలేదు.

"ఇల్లు నిలబడే ఉందక్కా," అంది. "పైకి వెళ్ళి చూసుకో. నిన్న రాత్రి కొండ కదిలింది కూడా. ఏమీ అవలేదు. చక్కగా పొడిగా నిలబడి ఉంది."

అంతే. ఆ రోజు నుంచి చెల్లెలు అక్కతో మాట్లాడలేదు. పాప "పెద్దమ్మా" అని పరిగెత్తుకొస్తే రెక్క పట్టి వెనక్కి లాక్కునేది. తిట్టినా బాగుండు! తిడితే తిరిగి తిట్టొచ్చు, ఏడిస్తే కలిసి ఏడవొచ్చు. మాట్లాడని మనిషిని ఏం చేస్తాం? పూతక్కకు అన్నం సయించలేదు. ఎంత నోరున్న మనిషి, ఆ కొన్నాళ్ళూ నోట్లోంచి పుల్లవిరుపు మాట ఒక్కటీ రాలేదు. ఊరికి అదే ఎక్కువ భయం వేసింది.

రోజూ పొద్దున లేవగానే షెడ్డు బయటికొచ్చి పై అంచు కేసి చూసేది. ఇల్లు నిలబడి ఉండేది. వానకు నిలబడింది, గాలికి నిలబడింది, మధ్యమధ్యలో కొండ ఒళ్ళు విరుచుకున్నా నిలబడింది. ఒకరోజు అలా చూస్తూ చూస్తూ, ఆ గోడొక్కటి కూలితే బాగుండు అనుకుంది. అనుకున్న మరుక్షణం ఒళ్ళు జలదరించింది. చెల్లెలి కొంప కూలాలని కోరుకున్న నోరు ఇది! అని రెండు చెంపలూ తనే వాయించుకుంది. వాయించుకున్నా కోరిక పోలేదు. గోడ కూలితే తను చంపలేదని తేలుతుంది. నిలబడి ఉన్నంతకాలం ఆ ముసలావిణ్ణి చలిలోకి ఈడ్చింది తనే.

ఈ మాట ఒక్క మొగుడికే చెప్పింది. ఆయన మాటకంటే ఈల ఎక్కువ వేసే మనిషి. కర్రతో నేల గీస్తూ విన్నాడు.

"అది కూలితే నీకు మనశ్శాంతి, దానికి కొంప పోవడం," అన్నాడు చివరికి. "ఏది కావాలో దేవుణ్ణి సరిగ్గా చూసుకుని అడుగు. ఆయన ఈ మధ్య అడిగినవి గబుక్కున ఇచ్చేస్తున్నాడు."

వానలు వెనకబట్టాయి, దారి తెరుచుకుంది, చువ్వలు వచ్చాయి. పై అంచు నుంచే పని మొదలుపెడదామంది ఇంజనీరమ్మాయి. గోడలు విప్పడానికి కుట్టేవాళ్ళ మేస్త్రి ఒకడు వచ్చాడు, ఊరు అతన్ని పొడుగు మేస్త్రి అనేది. గీకడానికి ఎవరు వస్తారని అడిగితే పూతక్క ముందుకొచ్చింది. వద్దనడానికి చెల్లెలు నోరు విప్పాలి కదా, అది విప్పదు. పాపను చంకనేసుకుని బిందె తీసుకుని ఊటకు వెళ్ళిపోయింది.

ముందు పెద్దావిడ మంచం పక్క గోడ. పొడుగు మేస్త్రి గునపం మొన పెట్టి ఒక రాయి కదపబోయాడు. కదల్లేదు. ఇంకొకటి చూశాడు. అదీ కదల్లేదు. ఉలితో మట్టి తవ్వి లోపలికి తొంగిచూసి, వెనక్కి తిరిగి పూతక్క మొహం చూశాడు.

"అక్కా, దీన్నిండా పట్టురాళ్ళే. మూరకొకటి వేశాడు మహానుభావుడు. ఈ బీట ముఖం మీదిదే, సందుల్లో మట్టి రాలి అలా నోరు తెరిచింది. లోపలి కట్టుబడి ఇనుమే అనుకో."

పూతక్క తాపీ కింద పెట్టేసింది. మంచం ఉండిన చోటే చతికిలబడింది. ఇది నన్నేం చెయ్యదు అమ్మాయ్, అన్న ఆయాసపు గొంతు చెవిలోనే ఉంది. ఆవిడకు తెలుసు. మొగుడి చేతిపని ఆ మాత్రం తెలీదూ? తనే వినలేదు.

ఇంజనీరమ్మాయి మొహం కూడా పాలిపోయింది. "ఎర్ర గీత గీసింది నేను. మళ్ళీ అలాంటి బీట చూస్తే మళ్ళీ గీస్తాను పూతక్కా. బయట నుంచి ఎవరికీ తెలిసేది కాదు," అంది. అని, చువ్వల లెక్క చూసుకోవాలంటూ పెరట్లోకి వెళ్ళింది గానీ, అక్కడ ఊరికే నిలబడింది.

పొడుగు మేస్త్రి మంచివాడు. గొంతు తగ్గించి, "నేనెవరికీ చెప్పను," అన్నాడు. "చుట్టూ జాలీ వేసేస్తాం, నువ్వు పైన పూత పూసేస్తావ్. లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు? గోడ కుళ్ళిపోయింది, సమయానికి దింపించావ్ అని ఒక్క మాట నేనంటే చాలు. మీ చెల్లి నీతో మాట్లాడుతుంది."

మాట్లాడుతుంది. ఆ మాటకు పూతక్క గుండె లాగింది. జన్మంతా చేసిన పనే కదా అది, ఉన్నదాని మీద చక్కగా పూసెయ్యడం. ఇంకొక్కసారి పూస్తే చెల్లెలు దక్కుతుంది. గుమ్మంలోంచి చూస్తే ఊట దారిలో పైకి ఎక్కుతూ చెల్లెలు కనబడుతోంది, బిందె బరువుకు ఒక పక్కకు ఒరిగి.

పూతక్క లేచింది. బిందె దింపేదాకా కూడా ఆగలేదు. ఆగితే ధైర్యం పోతుందని తెలుసు.

"ఒసేయ్, విను. మీ అత్తయ్య గోడ గట్టిగా ఉంది. పట్టురాళ్ళు దట్టంగా ఉన్నాయి, ఆ బీట పైపైదే. ఆవిడ ఇక్కడే పడుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆవిడ చెప్పింది, నేను వినలేదు. నన్నేమంటావో అను."

చెల్లెలు బిందె మెల్లగా దింపింది. పాపను దింపింది. లోపలికి వెళ్ళి, అత్తగారు తడిమిన ఆ రాళ్ళ మీద రెండు అరచేతులూ ఆనించి, నుదురు కూడా ఆనించి, ఏడ్చింది. అత్తగారు పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. పూతక్క గుమ్మంలోనే ఉండిపోయింది. దగ్గరికి వెళ్ళే హక్కు తనకు లేదనిపించింది.

ఏమనాలో తోచక పొడుగు మేస్త్రి, "ఇక మిగతా ఇల్లూ ఇంతే గట్టిగా ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ?" అన్నాడు.

"గోడలు అన్నం కాదు మేస్త్రీ," అంది ఇంజనీరమ్మాయి లోపలికి వస్తూ. "ప్రతి గోడా విప్పి చూడాల్సిందే. వంటిల్లు గీకండి."

వంటింటి గోడ మీద నిజంగానే వెంట్రుకంత బీట లేదు. చెల్లెలి వంటిల్లని ప్రాణం పెట్టి పూసింది పూతక్క. ఇప్పుడు తాపీ అంచు పెట్టి గీకడం మొదలుపెట్టింది. నడుమ పూత వేలి మందం కూడా లేదు. మూలకు జరిగేకొద్దీ తాపీ లోతుకు దిగుతోంది. ఇంకా దిగుతోంది. పిడి దాకా దిగింది. పూతక్క చెయ్యి ఆగిపోయింది. ఇంత మందం ఊరికే వెయ్యరు. బల్ల గోడకి ఆనడం లేదక్కా, కొంచెం సర్దు అని చెల్లెలు అడిగిన ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. సర్దింది. సర్ది మర్చిపోయింది.

"మేస్త్రీ, జాగ్రత్త," అంది. "ఇది పొట్టేసిన గోడ."

పొడుగు మేస్త్రి గునపం ఆనించాడో లేదో రాయి ఊడి చేతిలోకి వచ్చింది. వెనక ఏమీ లేదు. చిల్లరాళ్ళన్నీ అడుక్కు జారిపోయి, రెండు వరసల నడుమ చీకటి. పట్టురాయి ఒక్కటంటే ఒక్కటి లేదు. మేస్త్రి చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోయింది. అతను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, అందరినీ బయటికి నడవమని కేకేశాడు. ముందు దూలాలకు ఆసరా కర్రలు పెట్టించాడు. పైన పటారం, లోన లొటారం అనే మాట ఊరంతా వాడుతుంది గాని, కళ్ళతో చూడ్డం వేరు.

ఆసరాలు పెట్టాక చెల్లెలు మళ్ళీ లోపలికి వచ్చింది. ఆ కన్నం ముందు నిలబడి, తన చెయ్యి తనే లోపల పెట్టి చూసింది. దాని కిందనే చాప గుర్తు ఇంకా నేల మీద ఉంది. తనూ పాపా పడుకున్న చోటు. జాగ్రత్తగా ఉన్నాంలే అని, వెతుక్కుని మరీ పడుకున్న చోటు.

"ఇది పడి ఉండేదా?" అని అడిగింది. అడిగింది మేస్త్రిని, చూసింది అక్కను.

"పడేదేమో, నిలబడేదేమో. నాకు తెలీదే," అంది పూతక్క. "దీని పొట్టని కప్పింది కూడా నేనే."

చెల్లెలు కన్నంలోంచి చెయ్యి తీసుకుని, మట్టి దులుపుకుని, పాపను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వంటింటి గోడను నేలమట్టం చేసి మళ్ళీ కట్టారు, పట్టురాళ్ళు వేసి మరీ. ముందు గదులకు ఇనుప జాలీ నడికట్టు బిగించారు, పైన రేకు వేశారు. అన్నీ అయ్యాక పూత మిగిలింది. ఎవరూ పిలవకుండానే పూతక్క ఒకరోజు పొద్దున వెళ్ళి పెరట్లో గుంట తీసి, మట్టి పోసి, గడ్డి కలిపి, నీళ్ళు వంపి, తనే దిగి తొక్కడం మొదలుపెట్టింది. వయసు మీద పడిన మోకాళ్ళు. నాలుగడుగులు తొక్కి నడుము పట్టుకుని నిలబడేది, మళ్ళీ తొక్కేది. చెల్లెలు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ చాలాసేపు చూసింది.

చేట పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. చెప్పులు విడిచి గుంట దగ్గరికి వచ్చింది.

"జరుగు," అంది. అత్తగారు పోయాక అక్కతో ఆడిన మొదటి మాట అది. "నిన్నేం క్షమించలేదు. అలా అనుకోకు. ఆ మోకాళ్ళతో నువ్వు తొక్కితే మట్టి ఎండాకాలానిక్కూడా కలవదు."

పూతక్క జరిగింది. చెల్లెలు గుంటలోకి దిగి తొక్కడం మొదలుపెట్టింది, మడమలతో, అంచుల నుంచి నడుమకు, చిన్నప్పుడు తొక్కినట్టే. మాటా లేదు, దెప్పుడూ లేదు. మట్టి జిగురు తేలాక ఒక ముద్ద తీసి అక్క మట్టి మోసే గమేళాలో వేసింది.

"అత్తయ్య మంచం దగ్గర మాత్రం పుయ్యకు," అంది. "ఆ రాళ్ళు అలాగే కనబడనీ."

పూతక్క తలూపి, గమేళా ఎత్తుకుని వంటింటి వైపు నడిచింది. అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్ళు దారిలో బొటబొటా రాలాయి. రెండు చేతులూ గమేళాకే సరిపోయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేకపోయింది.